వెండి నీళ్లు కలిపే యంత్రం

జహీరాబాద్,
జూన్ 1981

చిరంజీవి సదాశివకు మీ బావ చెన్నబసప్ప దీవించి రాసేది.

ఇక్కడ అల్లం ధర తప్ప అంతా బాగుంది. ఇది కార్డు. పోస్టుమాన్ ఈరయ్య చదువుతాడు కాబట్టి విప్పి రాయలేను. ఇంట్లో కలవాల్సిన రెండూ కలవడం లేదు. ఒకటి పైన, ఒకటి కింద. చేత్తో చూశాను, కట్టెతో చూశాను, చివరికి కవ్వంతో కూడా చూశాను. ఎంతసేపు చేసినా మళ్లీ విడిపోతున్నాయి. హైదరాబాదులో కలిపే యంత్రం దొరుకుతుందట. మెల్లగా పనిచేసేది, చప్పుడు లేనిది చూసి పంపు. మీ అక్క రత్నకు తెలియనివ్వకు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఈరయ్యా, చదివింది చాలు, కార్డు సంచిలో వెయ్యి.


హైదరాబాద్,
జూన్ 1981

బావగారి పాదాలకు సదాశివ నమస్కారాలు.

మీ కార్డు అమ్మకు చదివి వినిపించాను. కట్టె మాట దగ్గర అమ్మకు కన్నీళ్లు ఆగలేదు. మీకు చెప్పేంతవాణ్ణి కాను. కట్టె మాత్రం ఇక ముట్టకండి, కవ్వం కూడా. చిన్నప్పుడు ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే అక్క వణికిపోయేది.

యంత్రం ఈ కవరులోనే పెడుతున్నాను. రాగిరేకు. స్నానం చేసి, మీరు రాసిన ఆ రెండింటికీ నడుమ ఉంచండి. మెల్లగా పనిచేస్తుంది, చప్పుడు అసలే ఉండదు. ఓపిక పట్టాలి.

మీ ఇంటి క్షేమం కోరే,
సదాశివ

తా.క.: మెత్తని చీర ఒకటి కొనమని అమ్మ చెప్పమంది. యంత్రం కన్నా ముందు అదే పనిచేస్తుందట.


జహీరాబాద్,
జూలై 1981

చిరంజీవి సదాశివకు బావ ఆశీస్సులు.

రేకు అందింది. మీద గీసిన గీతలు కంపెనీవాళ్ల నక్షా అనుకున్నాను. స్నానం చేసి, నువ్వు చెప్పినట్టే నడుమ పెట్టి కరెంటు ఇచ్చాను. కాసేపటికే పచ్చబడిపోయింది. భయమేసి ఆపేశాను. కట్టె వద్దన్న మాట నిజమే, ఇప్పుడు గాజు కడ్డీ వాడుతున్నాను. టేబుల్ ఫ్యాను కూడా విప్పుతున్నాను. ప్రస్తుతం ముందుగా నేనే తాగుతున్నాను. నాకేమీ కాకపోతే రత్నకు తాపిస్తాను. ఇకమీదట ఈ ఇంట్లో ఆమె దగ్గు వినపడకూడదు.

అక్క చిన్నప్పటి సంగతి ఎందుకు రాశావో తెలియలేదు కానీ, చదివి సంతోషించాను.

ఇట్లు,
బావ

తా.క.: చీర కొన్నాను. నాలుగు మడతలు పెట్టి వడగడితే చాలా బాగుంది. అమ్మకు కన్నీళ్లు ఆగడం లేదన్నావు, కళ్ల దవాఖానలో చూపించు.


హైదరాబాద్,
జూలై 1981

బావగారికి,

ఈ చీటీ మొదటి బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. దయచేసి మీరేమీ తాగకండి. అక్కకు ఏమీ తాపకండి. కరెంటు జోలికి పోకండి. నేనూ అమ్మా వెనక బస్సుకు వస్తున్నాము. ఏ కష్టమైనా కూర్చుని మాట్లాడుకుంటే తీరుతుంది.

కంగారులో,
సదాశివ

తా.క.: అమ్మ ఏడుస్తూనే మీకు ఇష్టమని సకినాలు చేస్తోంది.


జహీరాబాద్,
జూలై 1981

సదాశివా, బావ ప్రేమతో రాసేది. ఇది కవరు, కాబట్టి అన్నీ రాస్తాను.

ఆ రోజు మీ అమ్మ వస్తూనే నా చేతిలోని గ్లాసు గుంజుకొని మోరీలో పారబోసి, "నా బిడ్డ ఏం తప్పు జేసింది అల్లుడా?" అని కూలబడేదాకా మీరు ఏమనుకున్నారో నాకు తెలియదు. వెండి నీళ్లు దగ్గుకు మందని బొంబాయి వ్యాపారి ఒకాయన చెప్పాడని నా వెండి మొలతాడు బ్యాటరీలకు కట్టి నీళ్లు తయారు చేస్తున్నాను. వెండి అడుక్కు దిగుతుంటే కలపడానికి యంత్రం అడిగాను. ఆ రోజు నేనిది చెబితే విని మీ అక్క ఏమందో నీకు గుర్తుండే ఉంటుంది: "నెల సంది ఒక చేత్తోని ధోతి పట్టుకొని తిరుగుతున్నడు, ఇందుకేనా?"

ఒక మాట మీ ముందు చెప్పలేకపోయాను. ఆమెది క్షయ ఏమోనని భయపడ్డాను. దవాఖానకు పోతే ఆ మాటే అంటారని, పోకుండా గ్లాసు ముందేసుకొని తిప్పుతూ కూర్చున్నాను. మీరు పట్టుబట్టి తోలుకపోకుంటే ఇంకా తిప్పుతూనే ఉందును. డాక్టరు ఎక్స్‌రే చూసి, "క్షయ కాదు, శొంఠి దుమ్ముతోని వచ్చిన దగ్గు" అన్నాడు. నన్ను చూసి, "గిట్లనే తాగితే తోలు నీలంగ తిరుగుతది, మళ్ల పోదు" అన్నాడు. బస్తాలన్నీ ఇంట్లోంచి తీయించాను. మాత్రలు పనిచేస్తున్నాయి. రత్న ఇప్పుడు నిద్రపోతోంది. ఆ గురక వింటే నాకు నిద్ర పడుతోంది.

ఇప్పుడు నీ సంగతి. పోయిన వారం రత్న అడిగింది: "యంత్రం అడగంగనే గంత జల్ది ఎట్ల పంపిండు?" అమ్మ వచ్చింది, నువ్వు వచ్చావు, మరదలు మనోరమ ఎందుకు రాలేదని కూడా ఆమే అడిగింది. మీ అమ్మకు రాస్తే జవాబు వచ్చింది. నీ భార్య అలిగి న్యాల్‌కల్ పుట్టింటికి పోయి చాలా రోజులైందని, ఆలుమగలను కలిపే ఆ రేకు నువ్వు నీకోసం చేయించుకున్నదని. నీ దిండు కింద ఉన్నది తీసి మాకు పంపావు. అది చదివాక నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

నిన్న ఇద్దరం న్యాల్‌కల్ పోయాము. మనోరమ తల దించుకొని, "అలిగి వచ్చిన్నే గానీ, పిలిస్తె పోదామని కూసున్న వదినా. ఆయన ఒక్క ముక్క రాయలె" అంది. మాకు వెంటవెంటనే ఉత్తరాలు రాసినవాడివి, ఆమెకు ఒక్కటి రాయలేకపోయావా? ఇప్పుడైనా రాయవద్దు. ఆదివారం నువ్వే బస్సెక్కు.

నీ మేలు కోరే,
బావ

తా.క.: మీ మామను చూసి జంకకు, ఆయనకు చెవుడు. ఏమన్నా తలూపు, నువ్వేమన్నా ఆయనా తలూపుతాడు. మీ అత్త చెప్పిన ముచ్చట ఒకటి ఉంది: హైదరాబాదు బస్సు వచ్చే వేళకు మనోరమ రోజూ బిందె పట్టుకొని రోడ్డు మీదికి పోతుందట. వాళ్లింట్లో నీళ్లకు కొదవ లేదు.