నిమిషానికి నూట పద్దెనిమిది

ఏమండీ,

మీ ఉత్తరం అందింది. మూడు వాక్యాల్లో రెండు జలాశయం నీటిమట్టం గురించి, ఒకటి నా ఆరోగ్యం గురించి. మీ కొండల మధ్య ఫోను అందదని తెలుసు, మాటలు కూడా అందవా అని నవ్వుకున్నాను. కాసేపయ్యాక ఆ మూడో వాక్యాన్నే మళ్లీ చదువుకున్నాను.

ఆరోగ్యం సంగతే రాస్తున్నాను. నెల రోజులుగా గుండెదడ. ప్రూఫులు దిద్దుతున్నా, బస్సులో కూర్చున్నా అదే. నిన్న మధ్యాహ్నం గడియారం ఎదురుగా పెట్టుకుని నాడి చూసుకున్నాను. నిమిషానికి నూట పద్దెనిమిది. మెట్లెక్కలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. మీ నీలం చొక్కా ఇస్త్రీకి తీశానంతే. ఏడాదిన్నరగా ఎవరూ తొడగని చొక్కాకి ఇస్త్రీ ఎందుకని అడగకండి.

ప్రెస్సులో నా ఎర్ర కలం వణకడం చూసి మా పెద్దాయన, "ఏమ్మా, అచ్చుతప్పుల మీద అంత కోపమా? కాగితం చిరిగిపోతోంది!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రమే నాకు తేలిపోయింది, ఇదంతా మీ మీద బెంగేనని. ఎన్నడూ రాయని మాట ఒకటి రాస్తున్నాను. మీరు ఆ జలాశయం ఉద్యోగానికి వెళ్లేరోజు, నన్నూ రమ్మంటారేమోనని గుమ్మం దాకా మీ మొహమే చూస్తూ వచ్చాను. "గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోకు" అన్నారు. ఆ మాట ఇంకా లోపల ముల్లులా ఉంది. ఇప్పుడు గుండే ఇంతలా మొత్తుకుంటుంటే మీరు పిలిచేదాకా ఆగడం దేనికి? దేనికీ గట్టిగా అవుననలేని నేను, రాజీనామా రాసి పెద్దాయన చేతిలో పెట్టేశాను. నెలలో వచ్చేస్తాను.

ఎదురుచూపులతో,
మీ సందేహాల పుట్ట


ఏమండీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. పోయిన ఉత్తరం పోస్టులో వేసిన వారానికి థైరాయిడ్ మాత్రల కోసం వెళితే, మందుల షాపతను, "ఏంటక్కా, నెల మాత్రలు పద్దెనిమిది రోజులకే అయిపోయాయి? చుట్టుపక్కల వాళ్లకి పంచుతున్నారా?" అన్నాడు. అక్కడే నిలబడి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను.

గొంతులో గ్రంథి తీసేసినప్పటి నుంచి, పరగడుపున మాత్ర మీరే చేతిలో పెట్టేవారు. ఇప్పుడు నేనే వేసుకోవాలి. మా ప్రెస్సులో పేజీ మూల సంతకం లేకపోతే అది చదవనట్టే లెక్క. చదివామని ఎంత గుర్తున్నా సరే, మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. ఇరవై ఏళ్ల అలవాటు. మాత్ర మింగి స్నానం చేసి వచ్చేసరికి, వేసుకున్నానా లేదా అని అనుమానం. మాత్రకి సంతకం ఉండదు కదా, మళ్లీ మింగేదాన్ని. మొదట్లో ఎప్పుడో ఒకసారి. ఈ రెండు నెలలూ పాఠ్యపుస్తకాల పని మీదపడ్డాక, వారంలో నాలుగైదు రోజులు అదే వరస.

రక్తపరీక్ష, ఇ.సి.జి. చూసి డాక్టరమ్మ, "గుండె నిక్షేపంలా ఉంది, మీరే దాన్ని తరుముతున్నారు. పుస్తకం పదిసార్లు చదువుకోండి తల్లీ, మాత్ర మాత్రం ఒక్కసారే! అనుమానం వస్తే వదిలెయ్యండి, ఒక్కరోజుకి కొంపలేం మునగవు" అన్నారు. నాలుగు రోజులు మాత్ర ఆపి, తర్వాత పాత డోసే, రోజుకొకటి వేసుకోమన్నారు. ఆరు వారాలకి మళ్లీ పరీక్ష.

మరి నేను బెంగ అనుకున్నదంతా ఎవరిది? నాదా, మాత్రదా? సిగ్గుతో చచ్చిపోతున్నాను. రాజీనామా వెనక్కి అడిగితే పెద్దాయన, "నీ సంగతి తెలిసే పైకి పంపలేదమ్మా" అంటూ సొరుగులోంచి తీసిచ్చారు. పోయిన ఉత్తరం చదవలేదనుకోండి. ఇప్పుడు రానని కాదు, వస్తాననీ కాదు. ఏ మాటా నమ్మకంగా అనలేకపోతున్నాను.

క్షమించమని అడుగుతూ,
మీ సందేహాల పుట్ట


ఏమండీ,

ఇవాళ రిపోర్టు వచ్చింది. అన్నీ ఉండాల్సినచోట ఉన్నాయి. నాడి డెబ్బై రెండు.

ఈ ఆరు వారాలూ భయం భయంగా గడిపాను, దడతోపాటు మీ మీది బెంగా పోతుందేమోనని. పోయిన ఆదివారం ఎదురింటి టైలరు తన చొక్కాకే గుండీలు ఎగుడుదిగుడుగా కుట్టుకున్నాడు. వాళ్లావిడ వీధి వీధంతా వినేలా, "ఊరందరి కొలతలూ కంఠతా వచ్చు, సొంత పొట్ట మాత్రం కనబడదు!" అని దులిపేస్తోంది. పడీ పడీ నవ్వి, మీతో చెప్పాలని పక్కకి తిరిగాను. దడ లేదు, చెమట లేదు, కన్నీళ్లు కూడా లేవు. పక్కన మీరు లేరు, అంతే. ఆ ఖాళీ సరిగ్గా మీ అంత ఉంది.

మర్నాడే మీ ఉత్తరం వచ్చింది. నీటిమట్టం ఊసే లేదు. "నీ పని నీకెంత ఇష్టమో తెలిసి, రమ్మని అడగలేకపోయాను. నీ మొదటి ఉత్తరం చూసి ఇంకో కుర్చీ కొన్నాను. రెండోది చదివి, తిరిగిచ్చేద్దామని గుమ్మం దాకా మోశాను. వాన మొదలైంది. తడుస్తుందని లోపల పెట్టాను. ఇప్పుడు వాన లేదు. ఇచ్చెయ్యమంటావా?"

మీరు ఇంత పొడుగు ఉత్తరం రాయగలరని పెళ్లయిన పందొమ్మిదేళ్లకి తెలిసింది.

గుండె నోరు మూసుకుని కూర్చుంది కాబట్టి నేనే చెప్పాలి. నాకు మీ దగ్గర ఉండాలని ఉంది. పెద్దాయన ప్రూఫులు పోస్టులో పంపడానికి ఒప్పుకున్నారు. అది ఎన్నాళ్లు సాగుతుందో, అక్కడ నాకు పొద్దుపోతుందో లేదో, ఏమీ తెలియదు. గురువారం పొద్దున బస్సు ఎక్కుతున్నాను.

కుర్చీ ఇవ్వకండి. మీ కుర్చీకి ఎదురుగా వెయ్యండి.

వస్తూ,
మీ సందేహాల పుట్ట