ఇల్లుబండి తాళాలు

హాంకాక్,
మే తొమ్మిది, ఆదివారం మధ్యాహ్నం.

ఓడ మీదున్న నాన్నకి,

గట్టు మీదున్న నీ కూతురు హెల్మి నమస్కారాలు. ఇక్కడ నేనూ, తాతా, నాయనమ్మా కులాసా. అక్కడ నువ్వూ, నీ ఓడా, మీ వంటాయన మోకాలూ కులాసాగా ఉన్నాయనుకుంటాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నాయనమ్మ నేర్పింది కాబట్టి రాశాను. మా కులాసా సంగతి మాత్రం నమ్మకు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటావు. ఇంట్లో సిగ్నల్ వంటింటి కిటికీ దగ్గరే దొరుకుతుంది. తాత కుర్చీ అక్కడే. పోనీ మెసేజ్ పెడితే, ఓడ ఏదో ఊరి దగ్గరికి రాగానే చదివి మరుక్షణం తాతకి ఫోన్ కొడతావు. నువ్వు అరుస్తావు, ఆయన అరుస్తాడు, మధ్యలో నేనుంటాను. అదే ఉత్తరమైతే డెట్రాయిట్ దగ్గర పోస్టు పడవ రావాలి, బకెట్లో వెయ్యాలి, మీవాళ్ళు తాడుతో పైకి లాగాలి. అంతదాకా నేను కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. తాతకి తెలియకుండా రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత ధైర్యం ఉండదు. తాతకి మతి జారిపోతోంది. కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోవడం కాదు, వేరే రకం. అయినా ఎప్పట్లాగే ఈ నెలాఖరు సెలవులకి ఇల్లుబండిని తనే తోలుకుని పెద్ద సరస్సు ఒడ్డుకి తీసుకెళ్తానంటున్నాడు. అందులో నాయనమ్మా, నేనూ ఎక్కాలి. నాకు భయంగా ఉంది నాన్నా. ఆలోపు నువ్వు రావాలి.

అమ్మయ్య, రాసేశాను. ఇప్పుడు మొదట్నించి చెప్తాను.

ఈసారి మంచు ఏప్రిల్ చివరిదాకా కదల్లేదు. బండి మీద టార్పాలిన్ లాగేసరికి నాకూ తాతకీ నడుములు పడిపోయాయి. లోపల గరిటెల సొరుగులో ఎలుకలు కాపురం పెట్టాయి. నాయనమ్మ ఊలు చేతితొడుగు పీకి పీకి పరుపు చేసుకున్నాయి. నాయనమ్మ అది చూసి, "చలికాలమంతా నాకంటే వెచ్చగా పడుకున్నాయి ముండలు" అంది. తాత పడీపడీ నవ్వాడు. ఆరోజు అంతా మామూలుగానే ఉందనిపించింది.

తర్వాత ఒకరోజు బండి చక్రానికి గాలి పట్టించుకొస్తానని కార్లో వెళ్ళాడు. చీకటి పడబోతున్నా రాలేదు. పక్కింటి ఆర్వో తాత వచ్చి నన్ను బయటికి పిలిచి, "మీ తాత పాత స్కూలు బస్సుల షెడ్డు దగ్గర నిలబడ్డాడమ్మా. పలకరిస్తే కసురుకుంటున్నాడు. నువ్వెళ్ళు" అన్నాడు. సైకిలేసుకుని వెళ్ళాను. ఆ షెడ్డు ఇప్పుడు తివాచీల కొట్టు కదా. మూసేసిన తలుపు ముందు తాత చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఇంకా తలుపు తియ్యలేదు వెధవలు. పిల్లలు రోడ్ల మీద చలికి బిగుసుకుపోతుంటారు. మొదటి స్టాపులో ఆ చిన్నదానికి కోటు కూడా సరిగ్గా లేదు" అన్నాడు.

"ఇవాళ బడికి సెలవు తాతా" అన్నాను.

ఆయన నావైపు చాలాసేపు చూశాడు. మెల్లగా మొహం మారింది. ఎక్కడున్నాడో తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. నా సైకిలు డిక్కీలో పడేసి ఇంటికి తోలుకొచ్చాడు. మన వాకిట్లో ఇంజను ఆపాక, "మీ నాన్నకి చెప్పకు పిల్లా. వాడికి తెలిస్తే తాళాలు లాక్కుంటాడు. ఊళ్ళో సగం మందిని బడికి మోసిన చేతులివి" అని, ఆ చేతులు నాకు చూపించాడు. నేను మాటిచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను చెప్పు.

నాయనమ్మ కాఫీకి పిలుస్తోంది. మళ్ళీ వస్తాను.

వచ్చాను. ఎక్కడున్నాం? మాటిచ్చిన దగ్గర. ఇక నీళ్ళ సంగతి.

బండిలో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగలకుండా శీతాకాలం ముందు గులాబీ రంగు మందు పోస్తాం కదా. వసంతంలో మొదటి పని అదంతా కడిగెయ్యడం. కుళాయి నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఎవరూ చుక్క ముట్టకూడదని నాకు ఊహ తెలిసినప్పట్నించీ చెప్పింది తాతే. ఈసారి గొట్టాలు కడక్కుండానే కాఫీ గిన్నె ఆ కుళాయి కింద పెట్టి, పొయ్యి మీదకి ఎక్కించబోయాడు. ఆర్వో తాత తలుపులోంచి తొంగిచూసి, తాతని పేరుపెట్టి పిలిచి, "ఏం తొయివో, గులాబీ కాఫీయా? ప్రేమికుల రోజు ఎప్పుడో అయిపోయింది కదయ్యా, ఇప్పుడెవరికి పోస్తావు?" అన్నాడు. తాత అందరికంటే గట్టిగా నవ్వి, గిన్నె పారబోశాడు. నవ్వు ఆగాక మళ్ళీ అదే గిన్నె అదే కుళాయి కింద పెట్టాడు.

ఆర్వో తాత నవ్వడం ఆపేశాడు. నావైపు చూశాడు. నేను చూడనట్టు ఎలుకల చెత్త ఊడ్చుకున్నాను.

అప్పట్నించి నాకు రెండు డ్యూటీలు. బడి నుంచి రాగానే తాతతో కలిసి పని. ఆయన ఆవిరిస్నానం గదిలోకి వెళ్ళగానే అదంతా మళ్ళీ మొదట్నించి నేను ఒక్కదాన్నే. ట్యాంకులో క్లోరిన్ పోసిన సంగతి మర్చిపోయి మళ్ళీ పోశాడు. ఆ నీళ్ళన్నీ వదిలేసి కొత్తవి నింపాను. బ్యాటరీ తీగలు అటుది ఇటు, ఇటుది అటు బిగించబోతే దగ్గరుండి మార్పించాను. పైకప్పు పగుళ్ళకి జిగురు ఒకేచోట పూసి పూసి వదిలేశాడు, మిగతావి నేను ఎక్కి పూశాను. లెక్కల క్లాసులో నిద్రపోతే మా టీచరు ఏమందో తెలుసా? "క్యాంపింగ్ ఇంకా మొదలవ్వకముందే అలిసిపోయావా హెల్మీ?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు రోజూ నిద్రొస్తోంది నాన్నా, పడుకుంటే మాత్రం రావట్లేదు.

నాయనమ్మకి చెప్పబోయాను. "మగాళ్ళకి మతిమరపుంటేనే కాపురాలు నిలబడేది, పోవే" అని కొట్టిపారేసింది. బండిలో పెట్టాల్సిన తువ్వాళ్ళు మడతపెడుతోంది. నేను పోలేదు. అక్కడే నిలబడ్డాను. మడతపెట్టిన తువ్వాలే విప్పి మళ్ళీ మడిచి, తలెత్తకుండానే, "నాకు ఓపిక లేదు హెల్మీ. ఇంకో కొత్త సంగతి తెలుసుకునే ఓపిక నాకు లేదు" అంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. ఆ తుంటి నొప్పితో ఆమె మెట్లెక్కడమే కష్టంగా ఉంది.

ఇదంతా నేను మోసేదాన్నే. శుక్రవారం జరిగింది మాత్రం మొయ్యలేను.

గ్యాస్ పరీక్ష చేస్తున్నాం. నీకు తెలుసు కదా, సిలిండరు తెరిచి, సబ్బునీళ్ళలో కుంచె ముంచి, గొట్టం అతుకులన్నింటికీ పూస్తాం. బుడగలు లేవకపోతే మంచిది. లేస్తే గ్యాస్ పోతోందని. నాకు పాలపళ్ళున్నప్పుడే తాత నేర్పాడు. "బుడగ లేస్తే అరవకు. ముందు సిలిండరు కట్టు, తర్వాత ఎంత కావాలంటే అంత అరుచుకో" అనేవాడు. నాచేత అప్పజెప్పించేవాడు కూడా.

తాత కుంచెతో పూశాడు. పొయ్యి వెనక అతుకు దగ్గర బుడగలు లేచాయి. చిన్నవి కాదు. ద్రాక్షగుత్తిలా పొంగుకొచ్చాయి. నేను తాత మొహం చూశాను. ఆయన సంతోషంగా ఉన్నాడు నాన్నా.

"చూశావా పిల్లా, ఎంత బాగా పొంగుతున్నాయో! దిట్టంగా ఉంది. ఇక వెలిగించొచ్చు" అన్నాడు.

జేబులోంచి లైటరు తీశాడు.

నేను అరవలేదు. ఆయన నేర్పినట్టే పరిగెత్తి, లైటరు నొక్కేలోపే సిలిండరు కట్టేశాను. తర్వాత కూడా అరవలేకపోయాను. తలుపులన్నీ బార్లా తెరుస్తుంటే తాతకి కోపమొచ్చింది. "ఎవరు కట్టమన్నారు? ఈ బండికి యజమాని నువ్వా నేనా? నిన్నగాక మొన్న నా బస్సులో వాంతి చేసుకున్న దానివి, నాకు నేర్పుతావా?" అన్నాడు. "చలేస్తుందేమో గానీ కాస్త గాలి రానీ తాతా, ఎలుకల కంపు కొడుతోంది" అన్నాను. ఎంత చక్కగా అబద్ధాలొస్తున్నాయో నాకు. నాయనమ్మ వరండాలోంచి, "మీ ఇద్దరి గొడవా తెమిలేలోపు చేపల పులుసు ఐసుగడ్డవుతుంది" అని కేకేసింది. వెళ్ళి తిన్నాం. తాత రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ గొట్టం మార్పించేశాను. ఎలుకలు కొరికాయని ఆర్వో తాతకి చెప్తే ఆయనొచ్చి బిగించాడు. మేమిద్దరం కలిసి సబ్బునీళ్ళు పూసి చూశాం, బుడగ లేదు. లేచి చేతులు తుడుచుకుంటూ, "బండి బాగుపడిందమ్మా" అన్నాడు. బండి వరకే అన్నాడు.

అంతే నాన్నా. బండి సిద్ధం. తెరలు ఉతికాం, దుప్పట్లు పెట్టాం, ఉప్పూ కాఫీపొడీ పెట్టాం. తోలేవాడే సిద్ధంగా లేడు. వంతెన దాటాక ఆ దిగుడు రోడ్డు, పక్కన లోయ, ఆ మలుపులో ఆయనకి ఏ ఏడాదిలో ఉన్నాడో గుర్తులేకపోతే? పక్క సీట్లో కూర్చునేది నేనే కదా. స్టీరింగ్ లాక్కోవాలా? నాకు పదహారేళ్ళు నాన్నా. నాకు లైసెన్సు కూడా రాలేదు.

ఈ ఉత్తరం నువ్వు పెద్ద సరస్సు వైపు పైకి వస్తుండగా అందితే, ఓడల్ని నీళ్ళతో పైకెత్తే ఆ సూ గేట్ల దగ్గర ఓడ ఆగినప్పుడు దిగిపో. కెప్టెన్‌కి ఏదో ఒకటి చెప్పు. ఇంట్లో ఎవరికో బాగాలేదని చెప్పు, అది అబద్ధం కాదు. వచ్చి తాళాలు తీసుకో. రెండు జతలు, ఒకటి ఆయన చొక్కా జేబులో, ఇంకోటి చక్కెర డబ్బా వెనక. నేనే దాచేద్దామనుకున్నాను గానీ, ఆయన ఇల్లంతా వెతుక్కుంటూ తనే ఎక్కడో పారేశాననుకుంటాడు. అది చూడలేను.

చలిగాలికి డెక్కు మీద తిరక్కు. మీ వంటాయనకి నేను అడిగానని చెప్పు.

అలిసిపోయి ఉన్న నీ కూతురు,
హెల్మి

తా.క. కవరు అంటించాక మళ్ళీ చింపాను. పైన ఒక అబద్ధముంది. తాతకి తెలియకుండా రాస్తున్నానని రాశాను చూడు, అది.

రాయమన్నది తాతే.

నిన్న పొద్దున నేను బండి కింద దూరి మురికినీళ్ళ గొట్టం బిగిస్తుంటే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నాకు ఆయన బూట్లే కనిపిస్తున్నాయి. "నిన్న బుడగలు చూసి నాకేం తెలీలేదు. నీ మొహం చూశాను. అప్పుడు తెలిసింది" అన్నాడు. నేను కిందే ఉండిపోయాను. "మీ నాన్నకి రాయి. నేను రాయమన్నానని మాత్రం రాయకు. నువ్వే భయపడి, నాకు చెప్పకుండా రాసినట్టు రాయి" అన్నాడు. ఎందుకు తాతా, తాళాలు నువ్వే ఇచ్చెయ్యొచ్చు కదా అన్నాను. "వాడొచ్చి లాక్కుంటే వాణ్ణి తిట్టుకుంటూ బతకొచ్చు. నా అంతట నేనే ఇస్తే ఎవర్ని తిట్టుకోవాలే?" అన్నాడు.

అందుకని నాన్నా, నీకేం తెలీనట్టు రా. గుమ్మంలోనే అడుగు. మెత్తబడకు, కౌగిలించుకోకు, కళ్ళనీళ్ళు పెట్టుకోకు. ఆయన ఇవ్వనంటాడు. జేబులో చెయ్యి పెట్టి లాక్కో. ఊరంతా వినేలా తిడతాడు, తిట్టనీ.

ఇందాక బండి అద్దాలు తుడుస్తున్నాను. తాత డ్రైవరు సీట్లో ఒక్కడే కూర్చుని నిన్ను తిట్టడం ప్రాక్టీసు చేస్తున్నాడు. గొప్పగా తిడుతున్నాడు. "తండ్రి బండి లాక్కునేంత మొనగాడివయ్యావట్రా..." అని, నీ పేరు దగ్గర ఆగిపోయాడు. పెదాలు కదుపుతున్నాడు, రావట్లేదు. అద్దం తుడుస్తూనే నేను బయట్నించి "ఎరిక్" అన్నాను.

"ఆ, ఎరిక్!" అని అందుకుని, మళ్ళీ మొదట్నించి తిట్టాడు.