ముగింపు చెప్పని ట్రైలర్

ఒరేయ్ మేనల్లుడూ,

పోయినసారి నువ్వు కట్ చేసిన ట్రైలర్ చూసి, "కథంతా ఇందులోనే చెప్పేశావు, ఇక టికెట్టు దేనికిరా?" అని ఆటపట్టించాను. మీ అత్తయ్యయితే హాల్లో ట్రైలర్ మొదలవగానే కళ్లు మూసుకుని, "అయ్యాక తట్టండి" అనేది. కళ్లు తిరిగాయనుకుని పక్కసీటావిడ ఒకసారి మంచినీళ్లు ఇచ్చింది.

అలాంటి మనిషి నిన్న ఆసుపత్రి మంచం మీద నీ కొత్త ట్రైలర్ అడిగి మరీ చూసింది. "ఆ తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరుతుందా?" అంది.

ఈసారి నువ్వేమీ బయటపెట్టలేదు, బాగా కట్ చేశావు. కానీ సినిమా వచ్చేది వేసవిలో. డాక్టరు అంతదాకా మాట ఇవ్వడం లేదు.

ముగింపు చెబితే నీ ఉద్యోగానికే ఎసరని తెలుసు. అయినా రాయి. పిల్ల ఇల్లు చేరకపోతే, చేరిందనే రాయి. నాక్కూడా నిజం చెప్పకు; నా మొహం చూసి మీ అత్తయ్య పట్టేస్తుంది.

నీ మామయ్య