చేనుకు క్షవరం

బావా,

విత్తే ముందు నేను ఊళ్లో లేనప్పుడు మీరు ట్రాక్టరుతో వచ్చి, దారి పక్కన నా చేను కొంత దున్నేశారు. "పాత పంట మోళ్లతో మాసిన గడ్డంలా ఉంది, చూసేవాళ్లు ఏమనుకుంటారు" అన్నారని అక్క చెప్పింది.

ఆ మోళ్లూ చొప్పా నేలకి దుప్పటి. దున్నకుండా వాటి మధ్యే విత్తితే తడి నిలుస్తుందని మీకు ఎన్నిసార్లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు. క్షవరం నా చేనుకైంది, వివరం మీకు రాస్తున్నాను. వాన మొహం చాటేసింది. మీరు దున్నిన చోట మొక్కలు వాడిపోయి తలలు వేలాడేశాయి. దాని పక్కనే, మీ చెయ్యి పడని చోట, చొప్ప తీసి వేలు గుచ్చితే మట్టి చల్లగా తగులుతోంది, పైరు నవనవలాడుతోంది.

ఇన్నాళ్లూ నన్ను బద్ధకస్తురాలన్న వాళ్లే ఇప్పుడు దారిలో ఆగి, "ఆ ముక్క ఒక్కటీ అలా ఎండిందేంటమ్మా" అని అడుగుతున్నారు. "మా బావ పనితనం" అంటున్నాను. నేను చెబితే విననివాళ్లు అది చూసి నమ్ముతున్నారు.

అందుకని వచ్చే పంటకీ వచ్చి ఆ ముక్క దున్నిపెట్టండి. మీ చేను జోలికి మాత్రం వెళ్లకండి. మా అక్క తినాల్సింది ఆ గింజలే.

మీ మరదలు