రీమరు అరిచిన రోజు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు అందదని తెలిసే రాస్తున్నాను. నీ లేతు మిషను మీద ఇప్పుడు నేనే పని చేస్తున్నాను.

సోమవారం మీ తమ్ముడు అప్పన్న భావనపాడు నుంచి వచ్చాడు. పడవ అడుగున పంకా షాఫ్టు తిరగడానికి గొట్టంలాంటి ఇత్తడి బుష్షు కావాలన్నాడు. రంధ్రాన్ని నున్నగా చెక్కి కొలతకు తెచ్చే రీమరును లోపలికి పంపగానే కీచుమని అరిచింది. మిషనంతా వణికింది. ఆపి చూస్తే లోపల గీతలు పడ్డాయి, రంధ్రం పెద్దదైపోయింది.

“ఏటీ కాదులే వదినా, గ్రీజు కూరేస్తాను, అదే ఇచ్చీ,” అన్నాడు అప్పన్న.

“షాఫ్టు ఊగి నడిసంద్రంలో నీళ్ళొచ్చేస్తే ఏటి సేస్తావు? మీ అన్న ఎలాగూ లేడు. నువ్వూ లేకపోతే మీ అమ్మ ఏటైపోద్ది?” అన్నాను.

ఆ బుష్షు పక్కన పడేసి, పాత ఇత్తడి ముక్క మీద రీమరు పెట్టి చూశాను. వేగం తగ్గించాను, నూనె పోశాను. అరుపు ఆగలేదు. చివరికి రీమరును పట్టుకునే టెయిల్‌స్టాక్‌ను కొలిస్తే వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. సరిచేసి కొత్త బుష్షు చేశాను. రీమరు చప్పుడు లేకుండా దిగింది. మూడుసార్లు కొలిచాను. అయినా అది బిగించుకుని అప్పన్న చేపల వేటకెళ్ళిన రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు.

ఈ మధ్యాహ్నం ఫోను వచ్చింది. “ఒడ్డుకొచ్చీసినాను వదినా. సుక్క నీరు రాలేదు. పక్క పడవలోళ్ళు కూడా నిన్నే సెయ్యమంతన్నారు.”

సరేనన్నాను. అన్నాక మళ్ళీ భయం పట్టుకుంది. నీకూ ఇలాగే ఉండేదా, బావా? అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.