క్రిస్మస్ పాట, ఇంగ్లండు రాగం

రాస్ అల్ ఖైమా,
2023 నవంబరు 27

నా దయారాణికి,

ముద్దులు. సిగ్గుపడకు, కవరు అంటించాకే, సెలవుకి ఊరొస్తున్న ఆనందకుమార్ చేతికిచ్చాను. ఫోనులో అయితే నీ పక్కన నలుగురు చెవులు రిక్కించుకుని ఉంటారు.

మన అమ్మాయి ఫేబా ఈ గల్ఫులో నర్సు డ్యూటీలతో పుల్లలా అయింది. నన్ను కసురుకోడానికి మాత్రం ఓపికుంది. దాని కూతురు కెజియా మొన్న కారులో ఇంగ్లండోళ్ళ పాటేదో పెట్టింది. అరవై ఏళ్ళ నాటిదట, దాని క్లాసులో పిల్లలంతా ఇప్పటికీ అదే వింటారట. తర్వాతి లైను రాకముందే నేను కూనిరాగం తీసేశాను.

"నీకెలా తెలుసు తాతయ్యా?" అంది.

"ముసలోళ్ళకి అన్నీ తెలుస్తాయే" అని తప్పించుకున్నాను.

నీ దగ్గర తప్పించుకోలేను. నా క్రిస్మస్ పాట రాగం నాది కాదు, ఆ ఇంగ్లండోళ్ళ పాటదే. కాకినాడలో ఓడ సరుకు దింపేటప్పుడు, ఆ ఓడ రేడియోలో విన్నాను. మాటలు మాత్రమే నావి. "ఇంత రాగం కట్టినోడికి చదువెందుకు" అని మీ నాన్నతో పోట్లాడి నువ్వు నన్ను చేసుకున్నావు. అంటే నిన్ను మోసం చేసే కట్టుకున్నానే. వచ్చే శుక్రవారం, పండక్కి ముందు చేసే సెమీ క్రిస్మస్‌లో, ఆ పాటకి యాభై ఏళ్ళని ఇక్కడి మన సంఘంవాళ్ళు నాకు శాలువా కప్పుతారట. నువ్వేమంటావోనని అన్నం దిగట్లేదు.

నీ దొంగ,
ఐజక్

రాస్ అల్ ఖైమా,
డిసెంబరు 12

రాణీ,

ఇది కెజియా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది. ఇక దాచేదేముంది.

ఇక్కడ చర్చి హాలు గంటల లెక్కన పంచుకుంటారు. మన తర్వాత ఫిలిప్పీనోళ్ళు. మనాళ్ళు నా పాట అందుకోగానే, గుమ్మం దగ్గర వంతు కోసం నిలబడ్డ వాళ్ళంతా అదే రాగంలో ఇంగ్లీషు పాట ఎత్తుకున్నారు. శాలువా పట్టుకున్న పాస్టరుగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

మైకు లాక్కున్నాను. "రాగం ఇంగ్లండోళ్ళది, మాటలు నావి. శాలువా సగం కోసి వాళ్ళకి పంపండి" అన్నాను.

ముందు కెజియా పగలబడి నవ్వింది, తర్వాత హాలంతా. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ, "మాటలకే కప్పుతున్నామండీ" అని కప్పేశారు. గుమ్మం దగ్గరోళ్ళు లోపలికొచ్చి మనతోపాటు ఇంకోసారి పాడారు.

ఇంటికొచ్చాక, నా ఉత్తరం అందాక నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. "మా అన్నయ్య ఓడల్లో పనిచేసినోడే కదా, ఆ పాట రికార్డు మా ఇంట్లో మన పెళ్ళికి ముందు నుంచే ఉంది. ఓడ పాటని గుడిలోకి తెచ్చిన మీ ధైర్యం చూసే చేసుకున్నాను" అన్నావు. యాభై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నావా? నాకంటే పెద్ద దొంగవే నువ్వు. నాలుగుసార్లు విన్నాను. ఫేబా ఫోను లాక్కుంటే గానీ ఆపలేదు.

ఇన్నేళ్ళూ ఆ పాట పాడుతూ కళ్ళు మూసుకునేవాణ్ణి. భక్తి అనుకున్నారంతా. ఎదురుగా నువ్వుంటావని, నీ కళ్ళలోకి చూడలేక మూసుకునేవాణ్ణి. నిన్న కెజియా గిటారు వాయిస్తుంటే, నీ ఫోటో ముందు పెట్టుకుని, కళ్ళు తెరిచి పాడాను.

నీ వాడు,
ఐజక్