మూడు నెలలు నిండేదాకా

2 డిసెంబర్ 1996, సోమవారం
నెల తప్పి పన్నెండు రోజులు దాటింది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున బడిలో సుద్దముక్క వాసనకే కడుపులో తిప్పింది. విషయమేమిటో నాకు తెలుసు. తెలియనట్టే మూడు పీరియడ్లు పాఠం చెప్పి వచ్చాను. నేనూ తక్కువ దద్దమ్మనేం కాదు.

4 డిసెంబర్
పరీక్ష చేయించాను. అవును.

ఐదేళ్ల కింద హైదరాబాదులో నా గుండె కోసి, పాడైన వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టారు. పెద్ద డాక్టరు చెప్పినవి మూడే మాటలు. రోజూ ఈ మాత్ర వేసుకోవాలి, రక్తం పలచగా ఉండాలి, లేకపోతే వాల్వు మీద గడ్డ కడుతుంది. ఆకుకూరలు ఉన్నట్టుండి ఎక్కువ తినొద్దు, మాత్ర పని చేయదు. గర్భం వస్తే ఆ వారమే రావాలి, ఈ మాత్ర మొదటి మూడు నెలల్లో బిడ్డకు చేటు.

పెళ్లయ్యాక మా ఆయనను వెంటబెట్టుకుని పోయి ఈ మూడూ ఆయనకూ చెప్పించాను. తల ఊపాడు. ఆ ఊపుడు చూసి మురిసిపోయాను. బండెద్దు కూడా అలాగే ఊపుతుంది.

5 డిసెంబర్
ఆయనకు చెప్పాను. నవ్వాడు. నిజంగా సంతోషపడ్డాడు. ఒక్క నిమిషం నాకూ ముద్దొచ్చాడు. హైదరాబాదు ఎప్పుడు పోదాం అన్నాను.
"అమ్మను అడుగుదాం..."
చక్కెర ఫ్యాక్టరీలో తూకం గుమస్తా. లారీడు చెరుకును ఇటు అటు కాకుండా తూస్తాడని పేరు. ఇంట్లో ఒక్క మాట తూచమంటే చేతకాదు.

6 డిసెంబర్
అత్తమ్మ తీర్పు వచ్చింది. బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే, ఆకు కత్తిరిస్తూనే.
"మూడు నెల్లు నిండేదాక ఎవ్వలకు చెప్పద్దు. బస్సెక్కద్దు. కడుపు కదుల్తది."
చెడేదంతా ఈ మూడు నెలల్లోనే అత్తమ్మా, నిండాక పోతే ఏం లాభం — అన్నాను.
"నేను నలుగురిని కన్న. మీ డాక్టరు ఎందర్ని కన్నడు?"
బీఈడీ చదివినదాన్ని, లోపలికి వచ్చి పిల్లల నోటుబుక్కులు దిద్దుకున్నాను. మా ఆయన గోడ మీది పిల్లి. తప్పు రాశాను. పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది.

8 డిసెంబర్
మాత్ర వేసుకుంటే లోపలి దానికి చేటు. మానితే నాకు. వేసుకున్నాను.

9 డిసెంబర్
తోటకూర.

10 డిసెంబర్
పాలకూర పప్పు. సాయంత్రం మునగాకు.

11 డిసెంబర్
మళ్లీ తోటకూర. రోజూ ఇదేంటి అత్తమ్మా అంటే —
"నీ రక్తం పలచన అని నా కొడుకే చెప్పిండు. పలచని రక్తంల పిండం నిలుస్తదా? ఇది తింటె చిక్కబడ్తది."

అంటే పుణ్యాత్ముడు మూడు మాటల్లో ఒకటి చేరవేశాడు, అదీ సగం. పలచగా ఉండడం నా జబ్బన్నట్టు చెప్పాడు. పలచగా ఉండబట్టే బతికున్నానని చెప్పలేదు. వద్దన్నాను, వివరించాను. చెవిటివాడి ముందు శంఖం. "కడుపుతో ఉన్నది ఆకుకూర వద్దంటదా" అని కంచంలో వేసి, ఎదురుగా కూర్చుంది.

తిన్నాను. ఇదీ రాయాలి కదా. ఇంకేది తిన్నా వాంతి, అదొక్కటే లోపల నిలుస్తోంది. తెల్లవారకముందే చెలకకు పోయి లేత ఆకు చూసి కోసుకొస్తుంది. కమ్మగా వండుతుంది ముసలిది.

12 డిసెంబర్
అర్ధసంవత్సరం పరీక్షలు. గది నిశ్శబ్దం. మొదటి బెంచీ పిల్ల అటు ఇటు చూసి, "టీచర్, గడియారం యాడున్నది?" నా గుండెలో లోహపు వాల్వు టిక్కుటిక్కు దానికి వినపడింది. రాయవే ముందు, అన్నాను.

14 డిసెంబర్, శనివారం
నిజామాబాదు పోయి రక్తం చూపించుకున్నాను. నసీమా ఆపా తోడు వచ్చింది. మా బడిలోనే ఉర్దూ చెబుతుంది, మా వెనక వీధి. ఇంట్లో ఏమో టీచర్ల మీటింగని చెప్పాను. ఇరవై ఆరేళ్ల మనిషిని, హోంవర్క్ చేయని పిల్లలా అబద్ధం. బస్సు గుంతలో ఎగిరినప్పుడల్లా పొట్ట పట్టుకున్నాను. అత్తమ్మ మాటలు నమ్మనిదాన్ని!

లేడీ డాక్టరు రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసింది. "రక్తం ఇంత చిక్కబడిందేంటి? మాత్రలు మానేశారా?" లేదన్నాను. ఏం తింటున్నావని అడిగింది. చెప్పాను. "చదువుకున్నావు కదమ్మా..." గడ్డ కట్టి మెదడుకు పోతే కాలో చెయ్యో, మాటో, ప్రాణమో. వెంటనే హైదరాబాదు పోవాలంది.

అక్కడ ఏడవలేదు. బస్సులో ఏడ్చాను. నసీమా ఆపా కిటికీ వైపు చూస్తూ, "ఏడ్వు, మంచిగనే ఉంటది. గని పోవుడు మాత్రం పోవాలె."

15 డిసెంబర్
రిపోర్టు ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు.
"ఆకుకూర ముచ్చట... నాకు యాదికుండె."
యాదికుందట! వారం రోజులు నా పక్కనే కూర్చుని అదే కూర కలుపుకుని తిన్నాడు.
మరి చెప్పలేదేం?
"అంత ప్రేమతోని వండుతున్నది. అమ్మ బాధపడ్తదని..."
నేను పోతే బాధపడదు కాబోలు. అరిచి ఉండాల్సింది. అరవాలంటే ఎదురుగా మనిషి ఉండాలి. చెరుకు సీజన్లో లీవు ఇవ్వరట, నెలాఖరుదాకా ఆగాలట. ఛీ.

16 డిసెంబర్
అత్తమ్మకు నేనే చెప్పాను, మెల్లగా, రిపోర్టు చేతిలో పెట్టి. ఆమెకు చదువు రాదు, అయినా తిప్పి తిప్పి చూసింది. కత్తెర ఆగింది.
"గట్లయితె నా కొడుకు నాకెందుకు చెప్పలె?"
ఈ ఇంట్లో పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే పుట్టింది. ఆమె మీద కోపం తగ్గింది. తగ్గడం నాకు నచ్చలేదు. కాసేపటికి మళ్లీ — "ఐనా బస్సు మాత్రం వద్దు." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. హమ్మయ్య, కోపం తిరిగొచ్చింది.

18 డిసెంబర్
పోతున్నాను, నసీమా ఆపా తోడు వస్తోంది. ఆయన వాకిట్లో నిలబడ్డాడు. "బస్టాండుదాక వస్త..." పెద్ద త్యాగం. వద్దన్నాను. అత్తమ్మ బయటికి రాలేదు.

19 డిసెంబర్, హైదరాబాదు
అదే ఆసుపత్రి, అదే డాక్టరు. తల ముగ్గుబుట్ట అయింది. విసుక్కోలేదు. దారులు మూడన్నారు. గర్భం తీయించుకుంటే నా ప్రాణానికి అన్నిటికన్నా మేలు. మాత్ర సాగిస్తే నాకు పరవాలేదు, బిడ్డ సంగతి చెప్పలేం, ఇప్పటికే ఎంత తగిలిందో తెలియదు. మాత్ర ఆపి, ఇక్కడే ఉండి పొట్టలో పూటకో సూది వేయించుకుంటే బిడ్డకు మేలు, వాల్వు మీద గడ్డ కట్టే భయం మాత్రం ఎక్కువ.
తర్వాత, "మీ ఇంట్లోవాళ్ల మాట తర్వాత. నీకు కావాలా?"
రేపు చెబుతానన్నాను.

20 డిసెంబర్
ఈ పేజీలన్నీ చదివాను. ఆయనను తిట్టాను, ఆమెను తిట్టాను, బస్సు గుంతలను కూడా వదల్లేదు. నాకు కావాలో వద్దో ఎక్కడా లేదు.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. మూడు దారులూ చెప్పాను. వెనక లారీల హారన్లు.
"నువ్వెట్లంటె గట్లనే."
పెళ్లయి రెండేళ్లకు మొదటిసారి వచ్చింది ఈ మాట. పారిపోవడానికి వచ్చింది.

21 డిసెంబర్
కావాలన్నాను. సూదులే అన్నాను. "తెలిసే అంటున్నావా?" తెలిసే. బడిలో పిల్లల ముక్కులు తుడిచేటప్పుడల్లా, జడలు లాగి కట్టేటప్పుడల్లా కావాలనుకున్నాను. ఎవరూ వినకుండా. అత్తమ్మ తనే గెలిచాననుకుంటుంది. అనుకోనీ.

భర్త సంతకం ఏదని ఆసుపత్రి గుమస్తా అడిగాడు. నసీమా ఆపా లేచింది. "కడుపు ఈమెది, గుండె ఈమెది. ఇంకెవ్వలది గావాలె?" డాక్టరు నా సంతకం చాలన్నారు. మాత్ర ఆపేశారు. మొదటి సూది మంట. ఆపా ఊరికి పోయింది, ఆమెకూ పిల్లలున్నారు.

24 డిసెంబర్
పొట్ట మీద నీలం మచ్చలు, లెక్క పెట్టడం మానేశాను. వాంతులు బాగా అవుతున్నాయి. ఎందుకో సంతోషంగా ఉంది.

26 డిసెంబర్, పొద్దున
లేవగానే ఎడమ చేతి రెండు వేళ్లకు తిమ్మిరి. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నందుకేనేమో. అప్పటినుంచి మూసి తెరుస్తున్నాను. ఇంకా పూర్తిగా పోలేదు. చెబితే సూదులు ఆపేస్తారు. ఆ తర్వాత మొదటి దారే అంటారు, నాకు తెలుసు.

నర్సు వచ్చింది. "ఎలా ఉందమ్మా?"
బాగుంది, అన్నాను.
ఇప్పుడు పక్క మంచం దగ్గర ఉంది. పిలిస్తే వినపడుతుంది.